అరవై టన్నుల కాటా మీద ఒక మనిషి

విజయవాడ నుంచి ఉయ్యూరు వెళ్లే దారిలో, రోడ్డు పక్కన మా కాటా ఉంది. నేలకు సమంగా పరిచిన పొడవాటి ఇనప పలక. చెరుకు ట్రాలీలు, ధాన్యం లారీలు, ఇసుక టిప్పర్లు దాని మీదికెక్కి ఆగుతాయి. పక్క గదిలో కూర్చుని ఎర్ర అంకెలు చూసి చీటీ తీసివ్వడం నా పని. అరవై టన్నుల దాకా తూస్తుంది. పదో తరగతితో నా చదువు ఆగింది గానీ లెక్కలు ఆగలేదు. బండి పలక మీదికి వస్తుండగానే టైర్ల ఉబ్బు చూసి బరువెంతో అనుకోవడం, తర్వాత అంకె చూసి దిద్దుకోవడం నా కాలక్షేపం.

మొన్న మార్చిలో ఒక శుక్రవారం, విజయవాడ కాలేజీలో డ్రాయింగు చెప్పే ఒకమ్మాయి ఒక చైనా ఆవిడని వెంటబెట్టుకుని వచ్చింది. ఆవిడకి నలభై దాటి ఉంటాయి. పొట్టి జుట్టు, బూడిద రంగు చొక్కా, బరువైన బూట్లు.

"మీ కాటా మీద మనిషిని తూస్తారాండీ?" అని అడిగింది లెక్చరరమ్మాయి.

"డ్రైవర్లు కొందరు దిగకుండా కూర్చుంటారండీ. వాళ్లు సరుకులో కలిసిపోతారు."

"ఒక్క మనిషినే. రోజంతా."

"మరి చీటీలో బండి నంబరు అడుగుతుందండీ."

ఆ మాట ఆవిడకి ఇంగ్లీషులో చెప్పింది. ఆవిడ పకపకా నవ్వి, తన రెండు కాళ్లూ చూపించింది.

ఆవిడ చేసే పని ఇదీ అని ఫోనులో వీడియోలు చూపించారు. బొమ్మలు గీయదు, శిల్పాలు చెక్కదు. జనం ముందు తనే ఒక పని చేస్తుంది, ఆ చేయడమే కళ. మనుషుల కోసం కాని త్రాసులు వెతుక్కుంటూ దేశాలు తిరుగుతుంది. మూలికల కొట్టులో చిన్న త్రాసు మీద వేలు ఆనించి గంటసేపు కదలకుండా నిలబడింది. పట్టుగూళ్లు తూచే తక్కెడలో ముడుచుకుని కూర్చుంది. ఎందుకిదంతా అంటే, ఆవిడ బొగ్గు గనుల ఊళ్లో పుట్టిందట. వాళ్లమ్మకి పని ఆ గని కాటా దగ్గరే. పుట్టిన పిల్లని తూద్దామంటే దగ్గర్లో ఇంకే త్రాసూ లేక బొగ్గు కాటా మీద పడుకోబెట్టారట. ముల్లు కదల్లేదు. "నువ్వు బరువే లేవే" అని వాళ్లమ్మ పెళ్లయ్యేదాకా వెక్కిరించిందట.

అందుకని ఇప్పుడు పెద్ద కాటాల మీద పడింది. పొద్దున ఎక్కి నిలబడుతుంది. తనంతట తను ఏమీ చేయకుండా, కాటా మీద అంకె మారాలి. అంటే తనలో వచ్చిన మార్పుని ఆ పెద్ద యంత్రం గుర్తించాలి. రెండు ఓడరేవుల్లో రోజంతా నిలబడినా మారలేదట. ఇక్కడా మారకపోతే ఈ వరస ఇంతటితో ఆపేస్తానని చెప్పింది. ఆ చెప్పడంలో నవ్వు లేదు.

"మెట్టు ఎంతో ఎవరూ చెప్పలేదా ఆవిడకి?" అన్నాను నేను.

పెద్ద కాటా కిలో కిలో చూపించదు. మాది అయిదేసి కిలోల మెట్టు. శనివారం మధ్యాహ్నం బండ్లు లేనప్పుడు తూకం రాళ్లు యాభై కిలోలు పెట్టి, పైన పంచదార పొట్లాలు పేర్చి చూశాను. యాభై రెండు దాకా యాభై అనే చూపిస్తుంది. ఇంకో అర కిలో పెడితే యాభై అయిదుకి దూకుతుంది. తీస్తే మళ్లీ యాభై. ఇంట్లోంచి చిన్న తూకం మిషను తెచ్చి ఆవిడని నిలబెడితే బట్టలూ బూట్లతో సరిగ్గా యాభై మూడు. ఎవరో కొలిచి పంపినట్టుంది! అర కిలో పైచిలుకు చెమటగా పోతే చాలు, అరవై టన్నుల కాటా అయిదు కిలోలు తగ్గించి చూపిస్తుంది.

ఎండలో పలక మీద గంట నిలబడి, ముందూ తర్వాతా ఆ చిన్న మిషను మీద నన్ను నేను తూచుకున్నాను. మూడు వందల గ్రాములు పోయాయి. నాకంటే సన్నటి మనిషి కాబట్టి ఆవిడకి గంటకి రెండు వందలు వేశాను. "ఎనిమిదికి ఎక్కితే పదకొండులోపు పడిపోతుందండీ" అని మాటిచ్చాను. ఆవిడ నా చేతులు రెండూ పట్టుకుని ఊపేసింది.

ఆవిడ నియమాలు మూడు. దిగకూడదు. ఎవరు ఏమిచ్చినా కాదనకూడదు. పలక మీదికి వచ్చినదేదీ తను బయట పెట్టకూడదు. ఆదివారం ఒక్కరోజు, సాయంత్రం ఆరు వరకు, ఓనరుగారు కాటా ఇచ్చారు. ఆరు తర్వాత చెరుకు ట్రాలీలు వచ్చేస్తాయి. నేను పలక చుట్టూ సుద్దతో గీత గీసి, దాటొద్దని అందరికీ చెప్పాను.

ఎనిమిదింటికి ఎక్కింది. యాభై అయిదు.

తొమ్మిదిన్నరకి ఎదురుగా టీ కొట్టు నడిపే పిన్ని మజ్జిగ గ్లాసుతో వచ్చింది. అరవై దాటిన మనిషి, నోరు పెద్దది.

"ఏమయ్యా, పరాయి దేశం పిల్లని ఎండలో నిలబెట్టి నువ్వు ఫ్యాను కింద కూర్చుంటావా?"

"ఆవిడ పనే అది పిన్నీ. ఇవ్వకు, లెక్క తప్పుతుంది."

"మజ్జిగకి లెక్కేంటయ్యా!"

గీత ఇవతల నిలబడి చెయ్యి చాచింది. ఆవిడ రెండు చేతులతో అందుకుని గటగటా తాగేసింది. రెండు వందల గ్రాములు! గంట చెమట తిరిగొచ్చేసింది. పిన్ని వెళ్లి గొడుగు కూడా తేబోతే మాత్రం అడ్డం పడ్డాను. గొడుగు నాలుగు వందల గ్రాములకి తక్కువుండదు.

పదకొండు అయింది. అంకె కదల్లేదు. చర్చి నుంచి వస్తున్న దంపతులు స్కూటరాపి, పిన్ని కొట్లోనే నిమ్మసోడా కొని గ్లాసులో పోయించి ఇచ్చారు. పన్నెండున్నరకి ఒక ధాన్యం లారీ డ్రైవరు, "మా ఊరొచ్చి దాహంతో నిలబడిందంటే మనకే తలవంపులు కదండీ" అని ఇంకో గ్లాసు. బయటికెళ్లి ఎవ్వరూ ఏమీ ఇవ్వొద్దని గట్టిగా చెప్పాను. లెక్చరరమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

"ఆపొద్దంటున్నారండీ ఆవిడ. ఇచ్చేవాళ్లని ఆపితే అది తను చేసినట్టే అవుతుందట."

ఇక నేను గదిలో కూర్చుని చీటీల వెనక లెక్క రాసుకోవడమే. పోయినది, వచ్చినది. మూడున్నరకి అయిదో గ్లాసు. నా లెక్క ప్రకారం సరిగ్గా హద్దు మీదుంది, ఇక పడాలి. పడలేదు. అయిదింటికి ఆరో గ్లాసు. అది కలిపినా యాభై రెండున్నరకి కిందే ఉండాలి. యంత్రం మాత్రం యాభై అయిదు మీద మేకు కొట్టినట్టుంది.

ఆవిడ ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటోంది. ఉండుండి గది కిటికీలోంచి కనిపించే అంకెల వైపు చూస్తోంది. పొద్దుటిలా నా వైపు చూసి నవ్వడం మానేసింది. అంకెని సున్నాకి తెచ్చే మీట నా వేలికి జానెడు దూరంలో ఉంది. సమయం చూసి నొక్కితే ఏదో ఒక తేడా చూపించవచ్చు, ఎవరికీ తెలియదు. చేతులు కట్టుకుని కూర్చున్నాను.

అయిదున్నరకి టీ కొట్టు పిన్ని షట్టరు దించి, రోడ్డు దాటి, సుద్దగీత కూడా దాటి, పలక మీదికి ఎక్కేసింది. అంకె నూట పాతికకి ఎగిరింది.

"పిన్నీ, దిగు దిగు!"

"ఉండవయ్యా, నా గ్లాసులు నాకక్కర్లేదా? పొద్దుటినించీ ఒక్కటీ తిరిగి రాలేదు."

చైనా ఆవిడ కాళ్ల వెనక వరసగా పేర్చి ఉన్నాయి, మందపాటి స్టీలు గ్లాసులు ఆరు. పిన్ని వాటిని ఒకదాంట్లో ఒకటి దూర్చి, కొంగుతో పట్టుకుని దిగింది.

యాభై.

రోజంతా ఆ గ్లాసులు నాకు కనిపిస్తూనే ఉన్నాయి. మొత్తం తూకంలోంచి ఖాళీ బండి బరువు తీసేయడమే పనిగా బతికే వాణ్ణి, గొడుగు బరువు కూడా ఊహించిన వాణ్ణి, మజ్జిగ లెక్కేసి గ్లాసు వదిలేశాను! తర్వాత కిరాణా కొట్లో తూయించాను. ఒక్కోటి వంద గ్రాములు, ఆరుకి ఆరు వందలు.

పలక మీద ఆవిడ అంకె చూసింది, పిన్నిని చూసింది, నిలబడిన చోటే కూలబడి పెద్దగా నవ్వసాగింది. కళ్లలో నీళ్లు కూడా. పిన్ని హడలిపోయింది.

"ఏమైందమ్మా? గ్లాసులు తీసుకోకూడదా? కావాలంటే మళ్లీ పెట్టేస్తాను!"

"వద్దు పిన్నీ, ఇక కదపకు," అన్నాను.

ఆరింటికి మొదటి ట్రాలీ హారను కొట్టేసరికి ఆవిడ గదిలోకి వచ్చి కూర్చుని నా లెక్క చూపించమంది. చీటీ వెనక గ్లాసుల ఆరు వందలు చేర్చి చూపించాను. దాని చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టింది. వరస ఆపడం లేదట. వచ్చే నెల ఇంకో రేవులో కాటా చూసుకుందట, దాని మెట్టు పది కిలోలట.

"అక్కడ లెక్క వేసిపెట్టేవాళ్లు ఉన్నారో లేదో కనుక్కోమనండి," అన్నాను లెక్చరరమ్మాయితో.

ఆవిడ జవాబు విని ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంటూ చెప్పింది.

"లెక్కలవాళ్లు ఎక్కడైనా దొరుకుతారటండీ. ఎదురుగా టీ కొట్టు ఉందో లేదో ముందు కనుక్కుంటారట."