ఉత్తమ నటి ఏడ్చిన సాయంత్రం

ఫిబ్రవరి రెండో శనివారం, నాటక పోటీల్లో ఆఖరిదైన సాయంత్రం ఆరింటి ప్రదర్శన. ద్వారకా నగర్‌లో బస్సు కాంప్లెక్సుకు దగ్గరి హాలు. హాజరు: న్యాయనిర్ణేతలం ముగ్గురం, అంటే నేను, నన్ను నలభై ఏళ్లుగా బావా అని పిలిచే రిటైర్డు తెలుగు లెక్చరరు, టీవీ సీరియళ్లకు మాటలు రాసే ఒకాయన. ప్రధాన పాత్రలో మన ఊరి నటి. మూడో వరుసలో ఆమె అన్న. హాలు నిండా జనం.

పోర్టు ఆఫీసులో గుమాస్తాగా ఉన్న రోజుల నుంచి డైరీలో ముందు తేదీ, తర్వాత హాజరు రాసుకోవడం నాకు అలవాటు. నాటకాలు చూసి స్థానిక పత్రికకు సమీక్షలు రాయడం కూడా అప్పుడే మొదలైంది. ఈ నటిని మొదట చూసింది మా కాలనీ నాటికలోనే. సముద్రం మీద చేపల వేటకు వెళ్లే వాళ్ల ఇంటి పిల్ల. అప్పుడు ఆమె వేసినవన్నీ నవ్వించే వేషాలు. గయ్యాళి పెళ్లాంగా నడుం మీద చెయ్యి వేసి నిలబడితే, మాట మొదలుపెట్టకముందే హాలు ఘొల్లుమనేది. ఆమె గొంతు గురించి, విరుపు గురించి, మాటకూ మాటకూ మధ్య ఆమె ఆగే తీరు గురించి పత్రికల్లో మేమంతా రాశాం.

తర్వాత సినిమాలో చిన్న వేషం దొరికింది. జైలు గేటు దగ్గర కొడుకు కోసం ఏడ్చే తల్లి. ఆ ఒక్క సీను గురించి రాయని పత్రిక లేదు. ఇక అక్కడి నుంచి అన్నీ తల్లి వేషాలే, అన్నిట్లోనూ ఏడుపే. సినిమా బాగుందని రాసినవాళ్లు ఆమె కంటతడి పెట్టించిందని రాశారు. బాగాలేదని రాసినవాళ్లు ఆమె ఏడుపు తప్ప ఏమీ లేదని రాశారు. ఆ ఏడుపును తిట్టిన సమీక్ష ఒక్కటైనా వచ్చి ఉంటే ఆమెకు వేరే దారి దొరికేదేమోనని నాకు అనిపిస్తుంది.

ఆ శనివారం నాటకానికి ముందు బయట టీ తాగుతుంటే ఆమె అన్న నా దగ్గరికి వచ్చాడు. ఇప్పటికీ బోటు మీద వేటకు వెళ్తున్నాడు. ప్రదర్శనకు ముందు నటుల తరఫువాళ్లు న్యాయనిర్ణేతలతో మాట్లాడకూడదని అతనికి తెలియదు. నేను చెప్పేలోపే అతను చెప్పేశాడు.

"బాబూ, మా సెల్లి పంపింది కాదు, నానే సెప్తన్నాను. ఐదరాబాదు నుంచి సీరియలోలు ఒకటే ఫోన్లు. మూడేళ్లంట. మల్లీ ఏడుపు తల్లే. రేపు మద్దేనం లోపు మాట సెప్పాల."

"ఆవిడేమంటోంది?"

"ఈ నాటకంలో ఏడుపు లేదంట కదా. ఏడవకుండా ఒక్కసారి నెగ్గితే సాలన్నయ్యా, సీరియలొద్దని సెప్పేసి ఈ ట్రూపుతోనే ఊరూరూ తిరుగుతానంటాది."

"మరి నువ్వేమంటావు?"

"నానేటంటాను బాబూ, సేపలోణ్ణి! ఆలక్కడ దీన్ని ఏడిపిత్తే ఇక్కడ టీవీ ముందు మాయమ్మ నిజంగానే ఏడుత్తాది. అన్నం కూడా వొండదు."

నవ్వాను గానీ, తర్వాత ముందు వరుసలో మధ్య కుర్చీలో కూర్చున్నాక లేచి వెళ్లిపోదామనిపించింది. న్యాయనిర్ణేత మధ్యలో లేచి వెళ్లడానికి లేదు.

నాటకంలో ఆమె ఫ్యాక్టరీలో కొడుకును పోగొట్టుకున్న తల్లి. ఓదార్చడానికి పెద్దమనుషులు వస్తారు. ఆమె చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతూ ఉంటుంది. వాళ్లు మాట్లాడుతూనే ఉంటారు, ఆమె ఏరుతూనే ఉంటుంది. ఆమె ఏడిస్తే వాళ్ల పని అయిపోతుంది, లేచి వెళ్లిపోతారు. అందుకే ఏడవదు. ఆఖరున చేట తీసుకుని లోపలికి వెళ్లిపోవాలి. అంతే నాటకం.

ఆమె రాయి ఏరి పక్కన పడేసినప్పుడల్లా ఎదుటివాళ్ల మాట తడబడేది. ఆమె ముఖంలో ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడం చూస్తూ నేను మార్కులు వెయ్యడం మరిచిపోయాను.

ఆమె చేట పట్టుకుని లేవబోతుండగా వెనక నుంచి ఎవరో అరిచారు. "ఒక్కసారి ఏడవమ్మా!"

కొందరు నవ్వారు. కొందరు చప్పట్లు కొట్టారు. ఇంకో గొంతు, "ఏటమ్మా, మనూరికొచ్చి ఏడవకుండా ఎల్లిపోతావేటి?"

ఆమె చేట అలాగే పట్టుకుని నిలబడింది. అంతసేపు ఆగడం నాటకంలో లేదు. తర్వాత చేట కింద పెట్టి, కూలబడి ఏడ్చింది. సినిమాలో ఏడ్చినట్టే. హాలు దద్దరిల్లింది. తెర పడింది.

సంతకాలు అయ్యేదాకా న్యాయనిర్ణేతలను గదిలోంచి బయటికి పంపరు. తలుపు దగ్గరగా వేశారు.

"ఏటి బావా, హాలంతా ముక్కులు సీదుకుంటంటే నువ్వు బండరాయిలా కూసున్నావు?" అన్నాడు మా లెక్చరరు.

"ఆ ఏడుపు నాటకంలో లేదు బావా."

"లేదని సూసినోడికి తెలుసా?"

సీరియళ్లాయన వాచీ చూసుకున్నాడు. "ఉత్తమ నటి ఆవిడే. ఇందులో వాదన ఏముందండీ?"

వాదన లేదు. బహుమతి ఆమెకే రావాలని నాకూ ఉంది. అయితే కారణం కింద మా బావ అప్పటికే రాసేశాడు, ఆఖరి దృశ్యంలో ప్రేక్షకులను కన్నీరు పెట్టించినందుకు అని. సంతకం పెడితే ఆ ఏడుపుకే బహుమతి. పెట్టకపోతే బహుమతి చెల్లదు, ఆమె ఓడిపోయినట్టు. ఎటు చూసినా ఆ సీరియలే. కారణం మార్చమన్నాను. "మార్చి ఏటని రాత్తావు? బియ్యం బాగా ఏరిందనా?" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. ఇద్దరు ఒకటైతే మూడోవాడు కట్టుబడాలి. సంతకం పెట్టాను. పెద్దవాణ్ణి కాబట్టి రేపు సమీక్ష చదవాల్సింది కూడా నేనే.

మర్నాడు ఉదయం అదే హాల్లో సమీక్ష. పోటీల్లో ఆ పద్ధతి ఉంది. నటీనటులు ఎదురుగా కూర్చుంటారు, న్యాయనిర్ణేత వాళ్ల ముందే చెప్పాలి. రాసిన కారణం చదివాను. కాగితం పక్కన పెట్టి, నా మాటగా, చేట గురించి, రాయి పడినప్పుడల్లా తడబడ్డ ఎదుటివాళ్ల గురించి, ఇన్నేళ్లలో నేను చూసిన నటనల్లో అది ఏ స్థాయిదో చెప్పాను. హాలు మర్యాదగా విన్నది. అప్పుడు మా బావ మైకు అందుకున్నాడు. "మరి ఆ చివరి ఏడుపు!" అన్నాడు. అంతే. చప్పట్లు ఆగలేదు. ఆమె లేచి అందరికీ దణ్ణం పెట్టింది.

టిఫిన్ల దగ్గర తనే నా దగ్గరికి వచ్చింది. "గురువుగారూ, చివరి సీను గురించి మీరొక్క ముక్క కూడా మాట్లాడలేదు."

"లేదమ్మా."

"మాట్లాడకపోతే మీ మనసులో మాట నాకు తెలీదనుకున్నారా?" అంది. మళ్లీ తనే, "అడిగారండీ. మనోలే కదా. ఆగలేపోయాను" అంది.

నాటకం ఇంకో ఊళ్లో వేస్తే అక్కడ అడగరేమో అన్నాను. ఆమె నవ్వింది. చాలా ఏళ్ల క్రితం కాలనీ స్టేజీ మీద నవ్వినట్టే నవ్వింది. "ఎక్కడైనా అడుగుతారు" అంది.

అన్న చేతిలోంచి ఫోను తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. "సోమవారం వచ్చేస్తానండీ" అనడం వినిపించింది. తిరిగి వచ్చి, ఖాళీగా ఉన్న నా చేతుల వంక చూసి, "అదేటి గురువుగారూ, ఉప్మా తినలేదా?" అని తనే ఒక ప్లేటు తెచ్చి ఇచ్చింది.