మగ్గం మూల పాచి

నిన్న మా అబ్బాయి టైల్స్ కడిగే మనిషిని పిలిపించాడు. అతను గిర్రున తిరిగే బ్రష్షు మిషను తెచ్చి, నిమ్మకాయ వాసన కొట్టే నురగ పోసి, ముందు గది మూలలో ఏళ్లుగా పేరుకున్న నలుపును నేను చాయ్ తాగేలోపు తీసి పారేశాడు. ఆ నలుపు మీద పాత పళ్ల బ్రష్షుతో నేను ఏళ్ల తరబడి యుద్ధం చేశాను.

మాది నారాయణపేట, చీరలు నేసే ఇల్లు. ఏడో తరగతితో బడికి దండం పెట్టి, మగ్గం మీద కూడా కుదురుగా కూర్చోలేక బట్టల దుకాణంలో చేరాను. బాపు నేస్తే కొడుకు చింపి అమ్మే కొలువన్నమాట. తెలంగాణ వచ్చిన కొత్తలో, బాపుకు చూపు తగ్గి మగ్గం అమ్మేశాక, ఆయన కాళ్లు దించుకొని నేసిన గుంతను మొరం మట్టితో నింపించి, ఇల్లంతా తెల్లటి టైల్స్ వేయించాను. మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో టైల్స్ ఇల్లంటే చుట్టాలు చెప్పులు విప్పడమే కాదు, కాళ్లు కూడా తుడుచుకొని లోపలికొచ్చేవారు.

ఆ గొప్ప కొన్నాళ్లే. మగ్గం ఉండిన మూలలో టైల్స్ సందులు నల్లబడ్డాయి. గోటితో గీకితే చీమిడిలాంటి పాచి, అందులో వెంట్రుకలు, బొద్దింక మీసాలు, చచ్చిన చీమలు, పైన పులిసిపోయిన గంజి కంపు. యాసిడ్ పోస్తే పొగ లేచి నా కళ్లు కారాయి, సందుల్లోని వైట్ సిమెంటు పెచ్చులూడింది, పాచి మాత్రం ఆ గుంటల్లో హాయిగా కాపురం పెట్టింది. ప్రతి ఆదివారం మోకాళ్ల మీద కూర్చొని తోమేవాణ్ని. ఆ తర్వాత అన్నం ముద్ద నోటి దగ్గరికి తెస్తే వేళ్లలోంచి అదే కంపు.

మా ఇంటావిడ నడుం మీద చెయ్యేసుకొని నిలబడి, "తోముతున్నవా, నిమురుతున్నవా? గీ కంపు పోకుంటే పిల్లల్ని తీస్కొని కిరాయి ఇంట్లకు పోత. నువ్వూ, నీ టైల్సూ ఈడనే ఉండుండ్రి" అనేది. అన్నంత పనీ చేసే మనిషి. ఆమె పోతే ఇల్లే పోయినట్టు, ఎందుకంటే నాకు చాయ్ కాచడం కూడా రాదు, బాపుకు వేళకు గంజి పోసేదీ ఆమే. బాపు మాత్రం మంచం మీద కూర్చొని, "జర గట్టిగ రుద్దు బిడ్డా" అని సలహా ఇచ్చేవాడు.

ఎండాకాలంలో ఒకరోజు తెల్లవారకముందే మెలకువ వచ్చి చూస్తే, బాపు ఉప్పు గంజి తాగి, అడుగున మిగిలిన గంజితోనే అదే చెంబులో నీళ్లు పోసి కలిపి, ఆ మూల చుట్టూ చేత్తో ఒద్దికగా చల్లుతున్నాడు. ఎండాకాలం పోగు ఎండి తెగకుండా మగ్గం చుట్టూ నేల తడపడం ఆయన బతుకంతా చేసిన పని.

"ఏం చేస్తున్నవే బాపూ?" అన్నాను.

"ఎండలు ముదిరినయ్ గద బిడ్డా. తడి లేకుంటే పోగు తెగుతది" అన్నాడు. అన్నాక ఆ ఖాళీ జాగా వైపు చూసి, చెంబు వెనక్కి దాచుకున్నాడు. "చెయ్యి ఊకుంటలేదురా" అన్నాడు మెల్లగా.

వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్న మా ఇంటావిడ, ఆ చెంబు అందుకొని తోమి, మంచినీళ్లు నింపి తెచ్చి ఇచ్చింది. "సల్లితె సల్లు మామా, గంజి చెంబుతోని మాత్రం వద్దు" అంది. కిరాయి ఇంటి మాట ఆ రోజుతో ఆగిపోయింది. కంపు పోయింది, పాచి పోలేదు, ఆ తడి మూలను మేమంతా గోడ పట్టుకొనే దాటేవాళ్లం. బాపు ఉన్నన్నాళ్లూ నేను ప్రతి ఆదివారం అసహ్యించుకుంటూనే తోమాను, ఆయన మంచం మీది నుంచి "గా సందుల జర మిగిలింది చూడు" అంటూనే ఉన్నాడు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు కొత్తగా కట్టే ఇళ్లలో మురికి దాక్కోవడానికి సందు కూడా కనపడనీయడం లేదు. మా గది కూడా నిన్నటి నుంచి అలాగే ఉంది, మగ్గం ఎక్కడుండేదో వేలు పెట్టి చూపించమంటే తడుముకోవాల్సిందే. కానీ ఈ పొద్దున ఆ మూలకు రాగానే, జారుతుందేమోనని గోడ పట్టుకొని, అడుగు తీసి అడుగు వేస్తూ దాటాను. నేల పొడిగా ఉంది.