ఎదురింటి కిటికీలోంచి మా చెప్పులు

ఎదురింటావిడ తీసిన ఆ ఫోటోలో అబద్ధం ఏమీ లేదు. నాకు ఎక్కువ ఒళ్ళు మండింది అందుకే. మా ఇంటి మెట్ల మీద బూట్లు, చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి. వీధివాళ్ళందరూ ఉండే ఆన్‌లైన్ గ్రూపులో ఆ ఫోటో పెట్టి, కింద ఇలా రాసింది: "ఈ చిన్న ఇంట్లో ఎంతమంది స్టూడెంట్లను కుక్కారో మీరే లెక్కపెట్టుకోండి. పొద్దుట్నుంచీ పార్టీ."

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురమే, ముగ్గురం ఆడపిల్లలం. లండన్‌లో, అంటే కెనడా లండన్‌లో, కాలేజీలన్నీ మన పిల్లలతో కిటకిటలాడుతున్న రోజులవి. అద్దెకు ఒక గది దొరకడమే గగనం.

మాతో ఉండే వరంగల్ అమ్మాయికి ఆ ఫోటోకి ముందురోజే నాన్న పోయారు. ఏ విమానం ఎక్కినా దహనానికి అందుకోలేదు. చివరిచూపు ఫోన్లోనే చూసింది. ఆదివారం తెలిసినవాళ్ళూ, తెలియనివాళ్ళూ పరామర్శకు వచ్చారు. మేం పొయ్యి వెలిగించమని తెలుసు కనక అన్నం, చారు గిన్నెల్లో పెట్టి తెచ్చారు. బూట్లు బయట విడిచి, కార్పెట్ మీద ఆ పిల్ల పక్కన కూర్చున్నారు. లేచేటప్పుడు ఎవరూ "వెళ్ళొస్తాం" అనలేదు.

ఎదురింటి కిటికీకి గిన్నెలు మోసుకొస్తున్న కుర్రాళ్ళు కనిపిస్తారు, లోపలి ఏడుపు కనిపించదు. సరే, ఆవిడకు తెలియదు. కానీ వచ్చి తలుపు కొట్టి అడగడానికి రోడ్డు దాటితే చాలు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్నట్టు, కింద కామెంట్లలో ముగ్గురం ఇరవైమందిమయ్యాం, సాయంత్రానికి ఆ వీధికి పట్టిన దరిద్రం కూడా మేమే.

సోమవారం మా ఓనరు ఫోన్ చేశారు. తెలుగాయనే, అమెరికా నుంచి వచ్చి ఇక్కడ ఐటీలో స్థిరపడ్డారు.

"చూడమ్మా, నైబర్స్ గోల చేస్తున్నారు. నెలాఖరుకి ఖాళీ చేసేయండి."

"అంకుల్, మా వరంగల్ అమ్మాయి వాళ్ళ నాన్నగారు పోయారు. పరామర్శకు వచ్చినవాళ్ళ చెప్పులవి."

"అయ్యో పాపం. కానీ అది వాళ్ళకి తెలీదుగా. సిటీ వాళ్ళు ఇన్‌స్పెక్షన్‌కి వస్తే ఆన్సర్ చెప్పుకోవాల్సింది నేను."

ఈయన తన ఇంట్లో ఎవర్నీ బూట్లతో అడుగుపెట్టనివ్వరు. మేం మొదటిసారి మాట్లాడడానికి వెళ్ళినప్పుడు కూడా బయటే విడిపించారు. గడప ముందు అన్ని చెప్పులుంటే ఇంట్లో ఏం జరిగిందమ్మా అని అడగాల్సిన మనిషి, తనూ వెళ్ళి ఆ ఎదురింటి కిటికీలోనే నిలబడి మమ్మల్ని చూశాడు. ఆవిడ మీదకన్నా నాకు ఆయన మీదే ఎక్కువ కోపం.

ఆ గ్రూపులో నేనే రాస్తానన్నాను. ముందు ఆ పిల్లను అడిగాను.

"రాయ్ అక్కా. ఈ ఇల్లు పోతే ఎటు పోతం?" అంది.

అదే ఫోటో మళ్ళీ పెట్టాను, కాకపోతే కథ ఇంటి లోపలినుంచి మొదలుపెట్టాను. ఆ మట్టి బూట్లు వేర్‌హౌస్‌లో షిఫ్ట్ దిగి నేరుగా వచ్చినతనివి. ఆ చిన్న గులాబీరంగువి, అన్నం తెచ్చిన ఆంటీ కూతురివి. చివర్న ఉన్న హవాయి చెప్పులు ఎవరి నాన్న పోయారో ఆ అమ్మాయివి.

సాయంత్రానికి అందరి స్వరం మారింది. మమ్మల్ని తిట్టినవాళ్ళే హార్టులు పెట్టారు. ఎదురింటావిడ తన పోస్టు తీసేసి, మా గుమ్మంలో పూలు పెట్టి వెళ్ళింది. ఓనరు ఫోన్ చేసి, "మంచి పని చేశావమ్మా, మీరు ఉండండి" అన్నారు. ఫోటోలో ఉన్నవి మాత్రం అవే చెప్పులు.

ఆ పిల్ల కామెంట్లన్నీ ఓపిగ్గా చదివి ఫోన్ పక్కన పెట్టింది.

"అక్కా, ఆ రోజు నిజంగనే నా బర్త్‌డే అయ్యుంటే, మనల్ని ఎల్లగొట్టేటోళ్ళే కదా?"

వెళ్ళగొట్టేవాళ్ళే. ఇల్లు దక్కించుకోవడానికి దాని నాన్న చావును వీధికంతా చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ పూలు తెచ్చి దాని ముందు పెట్టడానికి నాకు మనసొప్పలేదు.