లాగి చూడమనే మా మేడమ్

మా మేడమ్ పోయారు. మొన్న ఆదివారం పొద్దున బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో కూరగాయల బండి దగ్గర నిలబడి ఉండగా ఆవిడ తమ్ముడు ఫోన్ చేశాడు. “అక్క లేదప్పా” అన్నాడు. దొడ్డబళ్ళాపురంలో తమ్ముడి ఇంట్లోనే, నిద్రలో ప్రాణం పోయిందట. బండివాడు టమోటాలు తూచి చేతికిస్తుంటే ఎందుకు తీసుకుంటున్నానో కూడా తెలియకుండా తీసుకున్నాను.

మీలో ఎక్కువమందికి ఆవిడ ఎవరో తెలియదు. ఆవిడ చేసిన పని అలాంటిది. అది సరిగ్గా జరిగితే ఎవరికీ కనపడదు.

తొంభైల మధ్యలో నేను ఒంగోలు నుంచి బెంగళూరు వచ్చాను. మడివాళలో నలుగురం ఒక గదిలో ఉంటూ ఉద్యోగాలు వెతుక్కునేవాళ్ళం. మిగతా ముగ్గురూ కంప్యూటర్ల వైపు పోయారు. నేను మాత్రం యుద్ధవిమానాల పైలట్లకు హెల్మెట్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో చేరాను. అక్కడ డిజైన్ విభాగానికి పెద్ద ఈ మేడమ్. నన్ను ఇంటర్వ్యూ చేసిందీ ఆవిడే. చదువు గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. బల్ల మీద ఒక హెల్మెట్ పెట్టి, చేతులకు తోలు గ్లౌజులు ఇచ్చి, “ఇవి తొడుక్కొని దీని అద్దం తెరువప్పా” అన్నారు. నాకు ఎంతకీ రాలేదు. చెమటలు పట్టాయి. ఆవిడ ఓపిగ్గా చూసి, “నీకే ఇంత కష్టంగా ఉండాదే, మీద ఎగురుతా ఉండేవానికి ఎట్లుంటాదో ఆలోచించు. ఆలోచించేది ఇష్టముంటే సోమవారం రా” అన్నారు.

ఆ అద్దాన్నే మేము వైజర్ అంటాం. పైలట్ ముక్కూ నోరూ ఆక్సిజన్ మాస్కులో ఉంటాయి. కళ్ళకు ఉన్న రక్షణ వైజర్ ఒక్కటే. కిందికి దించినప్పుడు అది రెండు పక్కలా తాళం పడాలి. పక్షి తగిలి విమానం ముందు అద్దం పగిలినా, పైలట్ విమానం వదిలి బయటికి ఎగరాల్సి వచ్చినా, ఆ గాలి ఉధృతికి వైజర్ లేవకూడదు. కానీ పైలట్ తెరవాలనుకుంటే మాత్రం గ్లౌజు వేసుకున్న ఒక్క చేత్తో వెంటనే తెరుచుకోవాలి. గాలికి లొంగకుండా వేలికి లొంగే తాళం చేయడం మా పని. వినడానికి ఎంత చిన్నదో చేయడానికి అంత మొండిది.

మేడమ్ పుట్టింది మరమగ్గాల ఇంట్లో. పగలంతా ఆ మోతలో పెరిగినందువల్లనేమో ఆవిడకు శబ్దం మీద నమ్మకం లేదు. ఏ తాళం వేసినా టిక్కుమన్న తర్వాత ఒకసారి లాగి చూసేవారు. హెల్మెట్ తాళమే కాదు, బీరువా, జీపు తలుపు, చివరికి తన టిఫిన్ డబ్బా కూడా. “టిక్కుమన్నదంటే అది ఏదో చెప్పిందని అర్థం. నిజం చెప్పిందో లేదో లాగి చూస్తేనే తెలిసేది” అనేవారు. ఆ డబ్బాలో రోజూ రాగిముద్ద ఉండేది. చల్లారిపోయినా అలాగే తినేవారు. మెషీన్ల మీద పనిచేసేవాళ్ళతో కన్నడం, ఆఫీసర్లతో ఇంగ్లీషు, నాతో ‘కొంచెం’ బదులు ‘స్వల్ప’ అనే కన్నడపు తెలుగు. మూడింటిలోనూ గొంతు ఒకే స్థాయిలో ఉండేది. కంగారు పడినప్పుడు మాత్రం చేతి గాజులు తీసి సంచీలో వేసుకునేవారు. అది చూసి మేము మాటలు ఆపేసేవాళ్ళం.

ఆవిడ గురించి రాయాలంటే నాకు ముందుగా గుర్తొచ్చేది ట్రయల్ రోజు.

అప్పటికి మా కొత్త తాళం గాలి పరీక్షలన్నీ దాటింది. ఎడమ పక్క ఉన్న ఒక్క బటన్ నొక్కితే రెండు వైపులా పిన్నులు వెనక్కి వెళ్ళి వైజర్ లేస్తుంది. దించితే రెండూ తమ గూళ్ళలో కూర్చుంటాయి. ఇక ఒక పైలట్ దాన్ని పెట్టుకుని ఎగరాలి. ఆ ఎగురుడు బాగా జరిగితే పెద్ద ఆర్డరు. జరగకపోతే మా కంపెనీ మూతపడుతుందని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు. ఊరికి దూరంగా ఉన్న ఒక చిన్న రన్‌వే దగ్గరికి మేడమ్, నేను, మా యజమాని జీపులో వెళ్ళాం. ఎండాకాలం. విమానం బయలుదేరడం ఆలస్యమైంది. పైలట్ హెల్మెట్ చాలాసేపు విమానం నిచ్చెన దగ్గర ఎండలోనే ఉంది. అదే రకం ఇంకో హెల్మెట్ మా జీపు బానెట్ మీద ఉంది.

విమానం లేచింది. మా యజమాని చల్లని మజ్జిగ తెప్పించారు. ఎత్తులో కొన్ని విన్యాసాలు, ఆ తర్వాత రన్‌వే మీదుగా కిందుగా, వేగంగా ఒక పరుగు, చివర దిగడం. అదీ ఆ రోజు కార్యక్రమం. మజ్జిగ గ్లాసు ఎడమ చేతిలో పట్టుకుని మేడమ్ కుడి చేత్తో బానెట్ మీది హెల్మెట్ అందుకున్నారు. ఊరికే, అలవాటు కొద్దీ. వైజర్ దించారు. టిక్కుమంది. లాగి చూశారు.

కుడి పక్క లేచి వచ్చింది.

ఆవిడ గ్లాసు కింద పెట్టేశారు. మళ్ళీ ఎత్తి, మళ్ళీ దించారు. మళ్ళీ టిక్కుమంది. మళ్ళీ లేచింది. హెల్మెట్‌ను నా చేతికిచ్చి, “ముట్టి చూడప్పా” అన్నారు. వేలు పెట్టలేనంత వేడి. ఎండకు పిన్ను గూడు చుట్టూ ఉన్న ప్లాస్టిక్ సాగి, పిన్ను లోపలికి దిగకుండా అంచు మీదే ఆగుతోంది. మా పరీక్షలన్నీ చల్లని గదిలో చేసినవి. మేడమ్ గాజులు తీసి సంచీలో వేసుకున్నారు.

“సార్, విమానాన్ని దించమని చెప్పాల” అన్నారు యజమానితో.

ఆయన మొహం పాలిపోయింది. “ఒక్క పీస్‌లో తేడా ఉందని మొత్తం ఆపేస్తామా మేడమ్? ఆ పైలట్ పెట్టుకున్నది బాగానే ఉందేమో. పొద్దున మీరే కదా చూసి సంతకం పెట్టారు!”

“నేనే పెట్టినా. అందుకే నేనే ఆపతా ఉండా” అని ఆవిడ కంట్రోల్ గది వైపు నడక మొదలుపెట్టారు. హెల్మెట్ పట్టుకుని నేను వెనకే పరిగెత్తాను. ఆ నేల మీద చెప్పుల్లోంచి కూడా వేడి తెలుస్తోంది. మధ్యలో ఒకసారి తలెత్తి చూశాను. ఆకాశంలో విమానం కనపడలేదు. రన్‌వే చివర గద్దలు మాత్రం గుండ్రంగా తిరుగుతున్నాయి.

కంట్రోల్ గదిలో ఉన్న అధికారి ముందు మా మాట వినడానికే ఇష్టపడలేదు. పైలట్ విన్యాసాల మధ్యలో ఉన్నాడు, అతని ధ్యాస మళ్ళించకూడదన్నాడు. మేడమ్ హెల్మెట్ ఆయన బల్ల మీద పెట్టి వైజర్ దించారు. టిక్కుమంది. “ఇప్పుడు మీరు లాగండి” అన్నారు ఇంగ్లీషులో. ఆయన లాగాడు. అది చేతిలోకి వచ్చింది.

“అతని హెల్మెట్ కూడా ఇలాగే ఉందని మీరు కచ్చితంగా చెప్పగలరా?” అని అడిగాడు.

“చెప్పలేను. అందుకే ఆపమంటున్నాను” అన్నారు మేడమ్.

ఆయన ఒక్క క్షణం ఆవిడ మొహంలోకి చూసి మైకు అందుకున్నాడు. విన్యాసాలు ఆపి నిదానంగా ఎగరమని చెప్పి, వైజర్ సంగతి అడిగాడు. స్పీకర్లో పైలట్ గొంతు తేలిగ్గా వినపడింది. వైజర్ కిందే ఉంది, తాళం పడిన శబ్దం స్వయంగా విన్నానన్నాడు. మేడమ్ తల అడ్డంగా ఊపారు. “శబ్దం వద్దు. రెండు పక్కలా అంచు పట్టుకొని లాగి చూడమనండి.”

స్పీకర్లో గరగర తప్ప ఏమీ లేదు. తర్వాత పైలట్ అన్నాడు, ఈసారి తేలిగ్గా కాదు: “ఎడమ పక్క గట్టిగా ఉంది. కుడి పక్క లేస్తోంది.”

మాతో వచ్చి గుమ్మంలో నిలబడిన యజమాని గోడకు ఆనుకున్నారు. వేగంగా కిందుగా చేసే ఆ పరుగు రద్దయింది. కానీ దిగక తప్పదు కదా. దిగే దారిలోనే గద్దలు. అధికారి కిటికీలోంచి అటే చూస్తున్నాడు. మేడమ్ మాత్రం కళ్ళు మూసుకుని, తన తలకు హెల్మెట్ ఉన్నట్టు కుడి చేయి చెవి పక్కన గాలిలో కదుపుతున్నారు. ఆవిడ ఏం చేస్తున్నారో నాకు అర్థమయింది. ఇక్కడి నుంచే అక్కడి తాళాన్ని తడుముతున్నారు.

“వైజర్ మొత్తం పైకి ఎత్తమనండి. చల్లగాలి వచ్చే గొట్టం ముఖం వైపుకి తిప్పుకోమనండి. అది చల్లబడాల” అన్నారు. తొందరలో ఇంగ్లీషు మరిచిపోయి తెలుగులోనే చెప్పారు. నేను అధికారికి ఇంగ్లీషులో చెప్పాను. ఆయన పైలట్‌కు చెప్పాడు.

పైలట్ దూరంగా, ఎత్తులో చుట్లు తిరుగుతున్నాడు. కళ్ళ మీద ఏ అడ్డూ లేదు. మేము ఎదురుచూశాం. ఎంతసేపో చెప్పలేను. నాకైతే చాలా సేపనిపించింది. తర్వాత మేడమ్ దించమన్నారు. టిక్కుమందన్నాడు. లాగమన్నారు. మళ్ళీ లేచిందన్నాడు. ఆ మాటకు గదిలో ఎవరో కన్నడంలో “అయ్యో దేవరే” అని దేవుణ్ణి తలుచుకున్నారు. మేడమ్ గొంతు మాత్రం అదే స్థాయిలో ఉంది.

“మధ్యలో పట్టుకొని నొక్కతా ఉండాడు. అట్ల కాదు. కుడి పక్క పిన్నుకు సరిగ్గా కింద అరచెయ్యి పెట్టి లోపలికీ కిందికీ ఒత్తమను. స్వల్ప నిదానంగా. తొందర లేదని చెప్పప్పా, భయపడతాడు.”

నేను చెప్పాను. పైలట్ విమానాన్ని ఎడమ చేతికి మార్చుకుని, కుడి చేత్తో ఒత్తాడట. ఈసారి చెప్పేముందే లాగి చూశాడు.

“పట్టింది. రెండు పక్కలా పట్టింది.”

“మళ్ళా ఒకసారి లాగమనప్పా” అన్నారు మేడమ్.

విమానం మామూలుగా దిగింది. ఏ గద్దా అడ్డం రాలేదు. అంత హడావుడి తర్వాత అది ఏమీ ఎరగనట్టు రన్‌వే మీద మెల్లగా వచ్చి ఆగింది. తిరుగు ప్రయాణంలో యజమాని “చివరికి ఏమీ కాలేదు కదా మేడమ్” అన్నారు. అందులో కోపం కంటే దిగులు ఎక్కువ.

“కాకూడదనే కదా సార్ మనం ఉండేది” అన్నారావిడ. ఆ తర్వాత తల కిటికీకి ఆనించి కళ్ళు మూసుకున్నారు. కళ్ళు తెరవకుండానే సంచీలో తడిమి గాజులు తీసి, ఒక్కొక్కటే మళ్ళీ తొడుక్కున్నారు. నేను చూడనట్టు బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఆర్డరు వెంటనే పోలేదు కానీ, ఆగిపోయింది. ఆ కొన్ని నెలలు మా షెడ్డులో ఊపిరాడేది కాదు. కొందరు ఉద్యోగాలు వదిలి వెళ్ళారు. మేడమ్ కొంప ముంచారని ఆవిడకు వినపడేలానే అన్నవాళ్ళున్నారు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను, మీకు కోపం రాదా అని. “వాళ్ళకీ ఇంట్లో పిల్లలుండారు కదప్పా. భయపడినోళ్ళు ఇంకెట్ల మాట్లాడతారు?” అన్నారు. అని మళ్ళీ హెల్మెట్ మీదికి వంగారు. తాళాన్ని ఓవెన్లో వేడి చేశాం, ఐసులో ముంచాం, దుమ్ము కొట్టాం. పిన్ను కొన సన్నగా మార్చాం. గూడు ప్లాస్టిక్ తీసేసి లోహం పెట్టాం. అన్నిటికన్నా ముఖ్యమైన మార్పు ఆవిడదే. పిన్నులు రెండూ పూర్తిగా దిగితే తప్ప బటన్ దానంతట అది లోపలికి పోదు. పైకి ఉబికి ఉంటే తాళం పడలేదని గ్లౌజు వేలికి తెలిసిపోతుంది. మళ్ళీ ట్రయల్ పెట్టినప్పుడు మొదటిసారి ఎగిరిన పైలటే అడిగి మరీ వచ్చాడట. ఎగిరే ముందు హెల్మెట్ చేతిలోకి తీసుకుని, మేడమ్ వైపు చూసి, నవ్వుతూ రెండు పక్కలా లాగి చూపించాడు. ఈసారి ఆర్డరు వచ్చింది.

రెండువేల సంవత్సరం దాటాక నేను కూడా మిగతావాళ్ళలాగే కంప్యూటర్ల వైపు వచ్చేశాను. మేడమ్ అక్కడే ఉండి అక్కడే రిటైరయ్యారు. నేను వెళ్ళిపోయే ముందు జరిగిన ఒక సంగతి చెప్పి ముగిస్తాను.

ఒక మధ్యాహ్నం యూనిఫాంలో ఒక కుర్ర పైలట్ మా షెడ్డుకు వచ్చాడు. మాలో ఎవరికీ అతను తెలియదు. చేతిసంచీలోంచి మా వైజర్ తీసి బల్ల మీద పెట్టాడు. దాని కుడి సగం మీద తెల్లగా, లోతుగా గీతలు. కిందికి దిగుతుండగా పక్షి తగిలి విమానం ముందు అద్దం పగిలి ముక్కలు లోపలికి వచ్చాయట. తాళం కదల్లేదని చెప్పాడు. మేమంతా వైజర్ మీదికి వంగి ఆ గీతల్ని వేళ్ళతో తడిమాం. మేడమ్ దాన్ని ముట్టుకోలేదు. కళ్ళజోడు సవరించుకుని ఆ అబ్బాయి దగ్గరికి వెళ్ళి, “స్వల్ప ఇట్ల తిరుగప్పా” అన్నారు. అతనికి తెలుగు రాదు. అయినా తిరిగాడు. కిటికీలోంచి వచ్చే వెలుతురు అతని మొహం మీద పడింది. తనకంటే చాలా ఎత్తుగా ఉన్న ఆ అబ్బాయి గడ్డం పట్టుకుని, మునివేళ్ళ మీద లేచి, మేడమ్ ముందు కుడి కంట్లోకీ, తర్వాత ఎడమ కంట్లోకీ చూశారు. చాలాసేపు అలా చూస్తూనే ఉన్నారు.