ఇసకలో ఇసక పోసిన ఆదివారం

ఈ సంగతి ఇన్నాళ్లూ రాయకపోవడానికి కారణం చాలా చిన్నది. నాకు రాయడం వచ్చేది కాదు. మా పుట్టింట్లో మగపిల్లలకి చదువు చెప్పించేవారు, ఆడపిల్లలకి గేదెలని అప్పజెప్పేవారు. గేదెలు నాకు బాగానే అర్థమయ్యాయి. ఆ అనుభవం తరవాత కాపరంలో కూడా పనికొచ్చింది. పెళ్లై రాయ్‌పూర్ వచ్చాక చుట్టూ కనిపించే అక్షరాలన్నీ హిందీవి, ఇంగ్లీషువి. తెలుగు అక్షరం చూడాలంటే మా ఇజీనారం, అంటే విజయనగరం, నుంచి ఎవరైనా ఏదైనా కాగితంలో పొట్లం కట్టి తేవాలి. నాకు అరవై దాటాక మా పక్క వాటాలోకి బొబ్బిలి వైపు నుంచి ఒక రిటైరైన పంతులమ్మ వచ్చింది. ఆవిడకి సాయంత్రాలు తోచేది కాదు. నాచేత పలక పట్టించింది.

ఈలోగా ముప్పై ఏళ్లపాటు ఆ ఆదివారం కథని మా ఆయనే చెబుతూ వచ్చారు. ఆయన కథలో బండి మా అత్తగారిని మహానది నీళ్ల అంచుదాకా తీసుకెళ్లింది. ఆయనకి చదువొచ్చు గాని ఆ కథ ఎప్పుడూ కాగితం మీద పెట్టలేదు. నోటితో చెప్పినదాన్ని ఎవరూ వెనక్కి తిప్పి చదవలేరు కదా.

ప్రపంచ యుద్ధం అయిపోయిన రెండో ఏడో, మూడో ఏడో. యుద్ధంలో వాడిన లారీలని మిలిటరీ వాళ్లు వేలంలో అమ్మేస్తున్న రోజులు. రాయ్‌పూర్‌లోనే గుఢియారీ పేటలో కలప డిపో నడిపే మా ఆయన స్నేహితుడు, మనవైపు మనిషే, రెండు కొన్నాడు. పచ్చరంగు, పైన గుడ్డ టాపు, మనిషి నడుమంత ఎత్తు చక్రాలు. మామూలు లారీకి వెనక చక్రాలే లాగుతాయట, ముందువి ఊరికే తోడు వెళతాయట. వీటికి నాలుగూ లాగుతాయట. మా ఆయన రైలింజన్లు బాగుచేసే లోకోషెడ్డులో ఫిట్టరు. ఆరు నెలల పాటు ఆయన ఆదివారాలన్నీ ఆ రెండు బండ్ల కింద పడుకునే గడిపారు. మా నవ్వారు మంచం బిగించమని ఏడాది నుంచి చెబుతున్నాను. నాలుగు చక్రాలూ లాగని వస్తువు ఆయన చేతికి ఎక్కదు.

అంతకు ముందు ఏడు ఆయనకి టైఫాయిడ్ వచ్చి నెలన్నర మంచం పట్టారు. అప్పుడు మా అత్తగారు మొక్కుకున్నారు. కొడుకు లేచి తిరిగితే మాఘమాసంలో ఒక ఆదివారం మహానదిలో మునుగుతానని, ఆ రోజు నిద్ర లేచింది మొదలు మునిగేదాకా మంచినీళ్లయినా ముట్టనని, పొద్దు నడినెత్తికి రాకముందే మునుగుతానని. ఆ మాఘంలో ఒక ఆదివారం మా ఆయనకి డ్యూటీ పడింది. ఒక ఆదివారం అత్తగారికి జలుబు. మూడో ఆదివారం బండికి ఏదో బిగించాలన్నారు. ఇక మిగిలింది ఒక్కటే. అది తప్పితే మళ్లీ మాఘం దాకా ఆగాలి. ఆవిడకి అప్పటికే డెబ్బై దాటాయి.

"రైలుంది కదా, బావూ. మనకి పాసుంది కదా," అన్నారు అత్తగారు.

"రైల్లో ఎవుడైనా ఎల్తాడమ్మా. నిన్ను సీదా నీళ్ల ఒడ్డున దించుతాను. నీ కాలికి ఇసక అంటితే నన్నడుగు."

"అడుగుతాన్లే," అన్నారావిడ.

తెల్లవారుతూనే బయలుదేరాం. ముందు బండి మా ఆయన తోలారు. అందులో అత్తగారు, నేను, మా ఆయన ఇంకో స్నేహితుడైన రైలు గార్డు గారి భార్య, ఒక గంపెడు పులిహోర. వెనక బండి డిపో ఆయన తోలాడు. గార్డు గారు అందులో, అలవాటు ప్రకారం, అన్నిటికన్నా వెనక కూర్చున్నారు. ఆయన ఈలా, రెండు జెండాలూ తెచ్చుకున్నారు. ఆయన ఈల ఊది పచ్చజెండా ఊపేదాకా మా ఆయన బండి కదిలించరు. గుఢియారీ సందులో ముందు నిలబడిన ఆవుకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, అది తాపీగా పోయింది.

"రోడ్డు మీద కూడా జెండా ఏటమ్మా?" అన్నాను గార్డు గారి భార్యతో.

"ఆరికి జెండా లేపోతే ముద్ద దిగదు వొదినా. నాను ఎర్రచీర కడితే గుమ్మంలోనే ఆగిపోతారు."

దారిలో ఆరంగ్ అనే ఊరిదాకా రోడ్డు బాగుంది, అందువల్ల మగవాళ్లకి నచ్చలేదు. ఆరంగ్ దాటాక నదికి పోయే బండ్లదారి ఉంది. ఆ రోజు ఆ దారి నిండా స్నానానికి పోయే ఎడ్లబండ్లే. మా ఆయన ఒకసారి దానికేసి చూసి, బండిని పక్కకి తిప్పి, కోసేసిన వరిమళ్లలోకి దించేశారు.

"దారుంది కదా," అన్నాను.

"దారుంటే ఎడ్లబండి చాలదేటి? ఇది దారి లేనిచోట నడిచే బండి."

మళ్ల గట్లు ఒక్కొక్కటే ఎక్కి దిగుతుంటే మా తలలు టాపుకి తగిలి వచ్చేవి. గార్డు గారి భార్య పులిహోర గంపని ఒళ్లో పెట్టుకుని పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుంది. అత్తగారు కళ్లు మూసుకుని సూర్యుణ్ణి తలుచుకుంటున్నారు. మధ్యలో ఒక లోతైన వాగు వచ్చింది. బండి ముక్కు కిందకి పెట్టి దిగి, మళ్లీ ముక్కు ఆకాశానికి పెట్టి పైకెక్కింది. అబద్ధమెందుకు, పైకి చేరాక నాకూ సరదా వేసింది. ఆ మాట ఆయనతో అనలేదు. అంటే ఇంకో వాగు వెతుకుతారు.

నది ఇసక మొదలయ్యేచోట ఆగాం. అక్కడినుంచి నీళ్లు కనిపిస్తున్నాయి, మూడు ఫర్లాంగులుంటుంది. మునుగుతున్న జనం చీమల్లా ఉన్నారు. పొద్దు ఇంకా పైకి రాలేదు. చాలినంత సమయం ఉంది. మగవాళ్లు ముగ్గురూ ఆలోచించి, ఒక బండి దిగబడితే ఇంకోటి లాగుతుందని, షెడ్డు నుంచి తెచ్చిన వ్యాగన్ గొలుసుతో రెండు బండ్లనీ ముందే ముడేశారు. ఆ గొలుసు పొడవు మూడు మూరలు. గార్డు గారు ముడి పరీక్షించి, వెనక్కి వెళ్లి కూర్చుని, ఈల ఊది, పచ్చజెండా ఊపారు.

ముందు బండి నూరు గజాలు పోయి దిగబడింది. రెండోది మూడు మూరల వెనకే ఉంది, అదే చక్రాల గాడిలో నడుస్తోంది, అదే గోతిలో దిగబడింది.

ఇక్కడ షెడ్డు సంగతి ఒకటి చెప్పాలి. రైలింజను చక్రం పట్టాల మీద జారితే డ్రైవరు చక్రం కింద ఇసక జారుస్తాడు. అప్పుడది పట్టుకుని ముందుకి కదులుతుంది. దానికోసం ఇంజనుకి ఒక ఇసక డబ్బా ఉంటుంది. మా ఆయన ఆ డబ్బాల మధ్యే పెద్దవారయ్యారు. చక్రం జారితే ఏం చెయ్యాలో ఆయన్ని నిద్రలో అడిగినా చెబుతారు.

ఆయన కిందకి దిగి, ఇసకలో గిర్రున తిరుగుతున్న చక్రాన్ని చూసి అన్నారు, "జారుతోంది. ఇసక ఎయ్యండి."

ఎవరూ నవ్వలేదు. డిపో ఆయనకి తెలీదు. గార్డు గారు రైల్వే మనిషి, కాబట్టి ఆయనకి సబబుగానే తోచింది. ముగ్గురూ మా పులిహోర పళ్లేలు తీసుకుని చక్రాల కింద ఇసక పొయ్యడం మొదలుపెట్టారు. మహానదిలో ఇసకకి కరువు లేదు గనక పని చురుగ్గా సాగింది. పోసినప్పుడల్లా బండి కదిలించేవారు, అది ఇంకో బెత్తెడు కిందకి దిగేది.

"బావూ, ఆ ఇసక ఎక్కడిది?" అన్నారు అత్తగారు పైనుంచి.

"ఇక్కడిదేనమ్మా."

"మరి చక్రం కిందున్నదెక్కడిది?"

మా ఆయన కాస్త ఆలోచించారు. "అది తడి ఇసకమ్మా. ఇది ఆరింది. షెడ్డులో కూడా ఆరబెట్టిందే ఏస్తారు."

నేను కిందకి దిగి బండి చుట్టూ ఒకసారి తిరిగాను. గేదె పైకి లేవకపోతే ముందు కాళ్లు చూడాలి. "ఏవండీ, ముందు చక్రాలు తిరగటం లేదు," అన్నాను.

"నాలుగూ తిరుగుతాయి. వేలం కాగితంలో రాసుంది. నువ్వు చదివావేటి?"

నేను చదవలేదు. చూశానంతే. చూసినదానికి ఆ రోజుల్లో విలువ లేదు.

పొద్దు ఎక్కుతోంది. అత్తగారి పెదాలు ఎండి తెల్లబడ్డాయి. లేచినప్పటినుంచి చుక్క నీరు లేదు. మా ఆయన ప్రతిసారీ, "పదే నిమిషాలమ్మా," అంటున్నారు. అప్పటికి నాలుగు పది నిమిషాలు అయ్యాయి. గార్డు గారి భార్య ఆవిడకి చెంగుతో విసురుతోంది.

"నడుద్దుం అత్తా," అన్నాను. ఆవిడ కళ్లు తెరిచి నీళ్లకేసి చూశారు. ఆ ఎండలో, ఆ ఇసకలో, ఖాళీ కడుపుతో మూడు ఫర్లాంగులు. ఆవిడ కాళ్లకీ తెలుసు, నాకూ తెలుసు.

అప్పుడొచ్చింది ఒక ఎడ్లబండి. ముసలాయనా, ఆయన భార్యా స్నానానికి పోతున్నారు. బండిలో కూర్చోడానికి వరిగడ్డి పరిచి ఉంది. ముసలాయన ఎడ్లని ఆపి మా బండ్లని కింద నుంచి పైదాకా చూశాడు.

"గాడీ ఫస్ గే హే కా, దాయీ?" అన్నాడు అత్తగారితో. బండి దిగబడిందా తల్లీ అని.

తన గడ్డి తీసి చక్రాల కింద వెయ్యమని కూడా అన్నాడు. మా ఆయనకి పౌరుషం వచ్చింది. "ఘాస్ నహీఁ చాహియే. ఇస్‌కా చారోఁ చక్కా ఖీంచ్‌తా హై," అన్నారు. గడ్డి అక్కర్లేదు, నాలుగు చక్రాలూ లాగుతాయని.

ముసలాయన నాలుగు చక్రాలనీ ఓపిగ్గా చూశాడు. ఇరుసుల దాకా ఇసకలో ఉన్నాయి.

"హవ్, దిఖత్ హే," అన్నాడు. అవును, కనబడుతోందని.

అత్తగారు నా భుజం పట్టుకుని దిగారు. ఎడ్లబండి వైపు తిరిగారు.

"అమ్మా, ఎడ్లబండెక్కి ఎల్తావేటి? నా పరువేటవుతాది?" అన్నారు మా ఆయన, చేతిలో పళ్లెంతో.

"ఇసకలో దిగిపోనాది. తవ్వి తీసుకో."

"ఇంకొక్క పది నిమిషాలు."

ఆవిడ ఆగారు. గొంతు ఎండిపోయి మాట సరిగ్గా రావడం లేదు. "నీ పేణం కోసం మొక్కినాను బావూ. నీ బండి కోసం మొక్కలేదు," అన్నారు.

మా ఆయన పళ్లెం కింద పెట్టి, తల్లిని రెండు చేతులా ఎత్తి, గడ్డి మీద కూర్చోబెట్టారు. ఆ ఒక్క పనీ ఆ రోజు పది నిమిషాల్లోపు జరిగింది. నేనూ ఎక్కాను. గార్డు గారి భార్య కూడా పైట దోపుకుని వచ్చేసింది. గార్డు గారు ఎర్రజెండా ఎత్తారు. ఆవిడ ఆగలేదు.

ఎడ్లు ఆ ఇసకలో ఏ ఈలా అవసరం లేకుండా నడిచాయి. నీళ్లు చేరేసరికి మా నీడలు కాళ్ల దగ్గరికి వచ్చేశాయి గాని ఇంకా పూర్తిగా కిందకి రాలేదు. మాఘంలో మహానది మోకాలి లోతు. అత్తగారిని చెరో చెయ్యీ పట్టుకుని కూర్చోబెట్టాం. మూడుసార్లు మునిగారు. మూడోసారి లేచి, సూర్యుడికి దోసిలి విడిచి, తరవాత ఇంకో దోసిలి పట్టి తాగారు. మళ్లీ పట్టారు, మళ్లీ తాగారు. ఆగుతారేమోనని చూశాను, ఆగలేదు.

తాగడం అయ్యాక, "ఆడు కనిపిస్తన్నాడేటే?" అన్నారు.

ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాను. పచ్చటి బండ్లు రెండు, వంగి లేస్తున్న మగవాళ్లు ముగ్గురు. "కనిపిస్తున్నారు. ఇసక పోస్తున్నారు."

"బాగా ఒంగుతన్నాడా?"

"బాగానే ఒంగుతున్నారు."

"పోయినేడు ఈపాటికి మంచం మీద పక్కకి తిరగలేపోనాడు," అన్నారావిడ. ఇంకోసారి మునిగారు. అది మొక్కులో లేదు.

పులిహోర మగవాళ్ల దగ్గరే ఉండిపోయింది. ముసలమ్మ తన మూటలోంచి అటుకులూ బెల్లమూ తీసి పెట్టింది. తిన్నాక అత్తగారు, ఇక ఆ బండి మొహం చూడనని తేల్చేశారు. ముసలాయన మమ్మల్ని స్టేషను దగ్గర దించి, మేము రైల్లో పోతున్నామని మా వాళ్లకి చెబుతానన్నాడు. పాసు మా ఆయన జేబులో ఉంది. నా కొంగున ఉన్న చిల్లరతో టిక్కెట్లు తీసుకుని, ఇజీనారం నుంచి వచ్చే సాయంత్రం పాసింజరెక్కి, దీపాలవేళకి ఇంటికొచ్చేశాం.

మా ఆయన మర్నాడు పొద్దున్న, షెడ్డు సైరనుకి గంట ముందు వచ్చారు. ఏం జరిగిందో ఆయన చెప్పలేదు. గార్డు గారు భార్యకి చెబితే ఆవిడ గోడ మీంచి నాకు చెప్పింది. చీకటి పడబోతుండగా ముసలాయన మళ్లీ వచ్చి, ఎవర్నీ అడక్కుండా తన గడ్డంతా చక్రాల కింద కుక్కాడట. గొలుసు విప్పించాడట. ఊళ్లోంచి రెండు జతల దున్నల్ని తెచ్చి ఒక్కొక్క బండినీ లాగించాడట. అంతా అయ్యాక, డిపో ఆయన సీటు పక్క ఒక మీట మీద కొన్ననాటినుంచీ తువ్వాలు ఆరేస్తున్నాడని, ఆ మీట తోస్తే గాని ముందు చక్రాలు లాగవని తేలిందట. మా బండిలో ఆ మీట మీద అత్తగారి పొడిబట్టల సంచీ వేలాడింది. అది నేనే తగిలించాను. ఆ మాట గోడ అవతలికి చెప్పలేదు.

ఆయన గుమ్మంలో నిలబడ్డారు. జుట్టులో, చెవుల్లో, కనుబొమ్మల్లో ఇసక. "అమ్మ మునిగిందా?" అన్నారు.

"మునిగారు. పొద్దు తిరక్కముందే."

ఆయన తలూపారు. నేను పొయ్యి రాజేసి కాగుతో నీళ్లు పెట్టాను. కాగాక, పెరట్లో బట్టలుతికే రాయి మీద ఆయన్ని కూర్చోబెట్టి నెత్తిమీద పొయ్యడం మొదలుపెట్టాను. మొదటి నాలుగు చెంబులకీ ఇసకే దిగింది. ఐదో చెంబు ముంచుతుంటే, "ఈసారి ఆ మీట ముందే తోసి, సిర్పూర్ అడవి వైపు వచ్చే ఆదివారం," అని ఆయన మొదలుపెట్టారు. మాట పూర్తవకముందే నీళ్లు గుమ్మరించేశాను.