పప్పు కుదురుకునేదాకా

కాదు అనే మాట నాకు పుట్టుకతో రాలేదు. మెల్‌బోర్న్‌లో యూనివర్సిటీ రెండో ఏడు చదివేటప్పుడు నేర్చుకున్నాను. అదీ క్లాసులో కాదు, ఊరి శివార్లలో ట్రుగనీనాలోని ఒక పప్పుల గోడౌన్‌లో.

ఆ గోడౌన్ గోదావరి వైపు నుంచి వచ్చిన ఒక ఆంటీది. శనివారాలు నేనక్కడ పప్పులు ప్యాకెట్లకెత్తేదాన్ని. తూకం మిషన్ బాగా ముసలిది. దాన్ని ఒక పాత కంప్యూటర్‌కి తగిలించారు. మిషన్ చూపిన బరువును కంప్యూటర్ లేబుల్ మీద అచ్చు వేసేది. ఆ కంప్యూటర్‌లో ఉన్నది ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఆపరేటింగ్ సిస్టమ్. దాని సోర్స్ కోడ్ ఎవరైనా చూడొచ్చు, చేతనైతే బాగుచేయొచ్చు. చేతనవుతుందనే ధీమాతో నేను దాని మెయిలింగ్ లిస్ట్‌లో చేరి, అందరి ఉత్తరాలూ చదువుతూ ఉండేదాన్ని.

ఒకరోజు అందులో ఒక పెద్దాయన రాశాడు: ఈ రకం తూకం మిషన్ల కోడ్‌ని చూసుకునేవాళ్ళు ఎవరూ లేరు, వచ్చే వెర్షన్‌లో తీసేస్తున్నాం, ఎవరైనా వాడుతుంటే చెప్పండి. తీసేస్తే మా మిషన్ ఎందుకూ పనికిరాదు. "మేం వాడుతున్నామండీ" అని గబగబా రాశాను. గంటలో జవాబొచ్చింది: "మంచిది. అయితే ఇకనుంచి నువ్వే చూసుకో." అడిగిన పాపానికి పని మెడకు చుట్టుకోవడం ఆ లోకంలో ఆచారమట. నాకు మాత్రం కాళ్ళు నేలమీద ఆనలేదు. బాధ్యుల జాబితాలో నా పేరు! ఫొటో తీసి ఇంటికి పంపితే, "ఎక్కడే? చీమల బారులా ఉంది" అంది అమ్మ.

బాధ్యత అంటే కోడ్ రాయడమనుకున్నాను. తీరా చూస్తే, ఎవరెవరో పంపే మార్పుల్లో ఏది తీసుకోవాలో, ఏది వద్దో చెప్పడమే అసలు పని. తీసుకోవడంలో నేను దిట్టనే.

మొదటి మార్పు ఎక్కడో వేరే దేశంలో ఉన్న ఒక విద్యార్థి నుంచి వచ్చింది. కోడ్ ఒకచోట అరసెకను ఊరికే ఆగుతోంది, ఆ ఆగడం తీసేశాను, ఇక వేగంగా నడుస్తుంది అని. అది ఊరికే ఆగడం కాదేమోనని నాకు అనుమానం వచ్చింది. కానీ ఎంత మర్యాదగా రాశాడు! రెండు వారాలు కష్టపడ్డాడట కూడానూ. ఎలా కాదనడం? "చాలా బాగుంది" అని కలిపేసుకున్నాను. మొహమాటానికి పోతే ఏమవుతుందో మన సామెత ఉండనే ఉంది. దాన్ని పూర్తిగా రాయడానికి నాకు ఇప్పటికీ మొహమాటమే.

ఆ శనివారం కొత్త కోడ్‌ని ఆంటీ కంప్యూటర్‌లో ఎక్కించాను. పని నిజంగానే చకచకా సాగింది. నలభై కందిపప్పు ప్యాకెట్లు అయ్యాక ఆంటీ వచ్చి ఒకటి చేత్తో ఎత్తి చూసింది.

"ఇదేంటమ్మాయ్, కేజీ లేదిది."

"లేబుల్ మీద కేజీ అనే ఉందాంటీ."

"లేబుల్ సంగతి నాకెందుకే, నా చెయ్యి చెప్తుంది కదా."

లోపల్నుంచి చిన్న త్రాసు తెచ్చి తూస్తే ఆంటీ చెయ్యే గెలిచింది. పప్పు పళ్ళెంలో పడే ఊపుకే అంకె కేజీ దాటేస్తోంది. అది కుదురుకునేదాకా ఆగడానికే ఆ అరసెకను.

"తక్కువ తూకం అమ్మి, రేపు చర్చిలో ఏ మొహం పెట్టుకుని కూర్చోవాలే? అక్కడంతా మన కస్టమర్సే!"

సిగ్గుతో చచ్చిపోయాను. "నాకు డౌట్ వచ్చిందాంటీ. కాదంటే ఆ అబ్బాయి ఫీలవుతాడేమోనని..."

"నీ మొహమాటం తగలెయ్య! ముందు ప్యాకెట్లు విప్పు."

విప్పుతుండగానే శనగలు సప్లై చేసే అతను వ్యాన్‌లో బస్తాలతో వచ్చాడు. ఆంటీ ఒక బస్తాలో మోచేతిదాకా చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి వాసన చూసింది.

"చెమ్మెక్కినయ్ బాబూ, నాకొద్దు. వెనక్కి పట్టుకెళ్ళిపో. కోడి పలావుంది, తినేసి వెళ్ళు."

అతను రెండుసార్లు వడ్డించుకుని తిని, బస్తాలు మళ్ళీ వ్యాన్‌లోకెక్కించుకుని, "వస్తానాంటీ" అని నవ్వుతూ వెళ్ళిపోయాడు.

"ఫీలవ్వడా ఆంటీ?"

"ఎందుకే? నేనొద్దంది శనగల్ని. అతన్ని కాదుగా."

ఆ మధ్యాహ్నమే ఒక అట్టపెట్టె మీద లాప్‌టాప్ పెట్టుకుని, కలిపిన మార్పుని వెనక్కి తీసేసి ఆ విద్యార్థికి రాశాను. ఇది తీసుకోలేను. ముందే చెప్పకపోవడం నా తప్పు. ఇవాళ నలభై ప్యాకెట్లు విప్పి మళ్ళీ తూచాను. మిగతా కోడ్‌ని మీరు శుభ్రం చేసిన తీరు నాకు నచ్చింది, ఆ భాగం పంపండి. మెయిల్‌లో పలావు పెట్టే వీలు లేకపోయింది.

మూడు రోజులు జవాబు లేదు. ఆ మూడు రోజులూ అన్నం సరిగ్గా తినలేదంటే నమ్మండి. నాలుగో రోజు వచ్చింది. "అసలు ఆ మిషన్‌ని నేనెప్పుడూ చూడలేదు. ఒక ఫొటో పంపుతారా?" అంటూ, కింద సరిచేసిన కోడ్. ఆ అరసెకను తిరిగి తన చోటికి వచ్చింది. దాని పైన అతనే ఒక వాక్యం చేర్చాడు: ఈ ఆగడాన్ని తీసేయకండి, పప్పు కుదురుకోవాలి.

తర్వాతి శనివారం ఆంటీకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"మన పప్పేనా?"

"మన పప్పేనాంటీ."

"బానే ఉంది. అన్నట్టు రేపు చర్చిలో సర్వీస్ అయ్యాక ఓ రెండు గంటలు రాగలవా? లోడ్ వస్తుంది."

సోమవారం నాకు పరీక్ష. "సరే ఆంటీ" నాలుక చివరిదాకా వచ్చేసింది. అరసెకను ఆగాను.

"రాలేనాంటీ."

ఆంటీ నన్ను ఎగాదిగా చూసింది. లోపలికి వెళ్ళి, పలావు డబ్బా తెచ్చి నా బ్యాగులో పెట్టింది.