నూరు గ్లాసుల నీళ్ళు

నీళ్ళు మోసుకొచ్చేటప్పుడు దారిలో ఒలకబోస్తే అమ్మ చేత తిట్లు తప్పేవి కావు, నా చిన్నప్పుడు. మార్కాపురం పక్కన పలకల గనుల దగ్గర మా పల్లె. ఎండలు ముదిరితే ఊరి బావి అడుగంటేది. పాత గనిగుంటలో నిలిచిన నీళ్ళకు పోయి, బండరాళ్ళ మీద కాళ్ళు కాలుతుంటే తెచ్చుకునేవాళ్ళం. మొహం కడిగిన నీళ్ళు గుమ్మడిపాదుకు, బియ్యం కడిగిన నీళ్ళు మేకకు. నా పొదుపు అక్కడ పట్టుకున్నదే. మా ఇంట్లో వాళ్ళు దాన్ని పిసినారితనం అంటారు. అననీ.

ఒక వేసవిలో గనిలో రాయి జారి మా నాయన పాదం మీద పడింది. పలకరాయి అంచు కత్తిలాంటిది. పాదం చీలి, చీము పట్టింది. మిషన్ ఆసుపత్రిలో చూసి, రోజూ మందునీళ్ళలో కాలు నానబెట్టమన్నారు. పుండు నల్లబడి, ఆ నలుపు పైకి పాకితే పాదం తీసేయాల్సి వస్తుందని కూడా చెప్పి పంపారు. నాయన గనికి పోకపోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు.

పక్కింటి అక్క ఆ ఆసుపత్రిలోనే మందులు కలిపే గదిలో పనిచేసేది. ఊదారంగు మందు సీసా ఆమే తెచ్చి ఇచ్చింది. చిన్న గ్లాసుడు మందు తీసుకుని, నీళ్ళతో నూరు గ్లాసులు చేయమని అమ్మకు చెప్పి పోయింది. అమ్మ తల ఊపింది. కానీ నూరు గ్లాసులంటే సగం బిందె. కాలు ముంచి పారబోయడానికి సగం బిందె నీళ్ళా! పైగా మందు చిక్కగా ఉంటే పుండు త్వరగా మానుతుందని ఆమె నమ్మకం. పది గ్లాసులతో సరిపెట్టి, అందులో గుడ్డ తడిపి నాయన పాదానికి చుట్టింది.

కొన్నాళ్ళకు పుండు చుట్టూ చర్మం గోధుమరంగు తిరిగి పొరలు లేచింది. గుడ్డ చుట్టేటప్పుడు నాయన తువ్వాలు పళ్ళ మధ్య బిగపట్టుకునేవాడు. ఆదివారం ఆరాధన నుంచి వస్తూ అక్క లోపలికి వచ్చింది. గుడ్డ విప్పి చూసేసరికి ఆమె మొహం మారిపోయింది.

“చిన్నమ్మా, నీళ్ళు ఎన్ని పోసినావు?”

“పోసినా లేమ్మా. మీ ఆసుపత్రి బావి మా ఇంట్లో ఉందా ఏంది?”

“పుండు కడగమంటే తోలు వలిచినావు కదా!”

మంచం మీద నుంచి నాయన అన్నాడు: “మీ పంచాయితీ తెగేలోపు నా కాలు ఉంటాదా?”

అక్క నన్ను పిలిచి పలక తెమ్మంది. గనిలో పారేసిన అంచు విరిగిన పలక అది. దాని మీద ఒకటి వేసి పక్కన సున్నా పెట్టింది. ఇది మీ అమ్మ కలిపింది, అంది. ఇంకో సున్నా పెట్టి, ఇది నేను కలపమన్నది, అంది. తర్వాత ఒక గ్లాసు మందుకు తొమ్మిది గ్లాసుల నీళ్ళు నా చేతే పోయించింది. నేరేడుపండు రసంలా ఉంది. అందులోంచి ఒక్క గ్లాసు వేరే గిన్నెలోకి తీసి, మళ్ళీ తొమ్మిది పోయించింది. ఆ గిన్నె వంకాయపువ్వు రంగుకు తిరిగింది. నూరు లెక్కపెట్టే పని లేకుండా రెండు పదులతో నూరు ఎట్లా వచ్చిందో నా కళ్ళతో చూశాను.

“ఇది మందేంది, రంగునీళ్ళు గానీ,” అని అమ్మ మూతి విరిచింది.

“కూరలో ఉప్పు ఎక్కువేస్తే రుచి ఎక్కువైతాదా చిన్నమ్మా? ఈ పుండుకు మందు ఎంత ముఖ్యమో నీళ్ళూ అంత ముఖ్యం.”

కాలు మునగడానికి ఆ గిన్నెడు చాలదు. అమ్మ బిందె వైపు చూసింది. రాత్రి వంటకు ఉన్న నీళ్ళు అవే. అక్క ఆ చూపు పట్టుకుంది. గబగబా వాళ్ళింటికి పోయి, చంకన బిందెతో వచ్చి మా గడపలో దించింది. పుండు మానేదాకా రోజూ దించింది. వాళ్ళమ్మ గోడ అవతల నుంచి అరిచేది: “నీళ్ళన్నీ వాళ్ళకు పోసి, నువ్వు తలకు పోసుకోకుండా చర్చికి ఎట్ల పోతావే?”

“దేవుడు తల వాసన చూడడులేమ్మా!”

మందు కలిపే పని అక్క నాకిచ్చింది. వానలు మొదలయ్యేసరికి నాయన కుంటుకుంటూనే గనికి పోయాడు, తన రెండు కాళ్ళ మీద.

పెళ్ళై గిద్దలూరు పోయే ముందు అక్క మా అమ్మను అడిగింది: “దీన్ని ఆసుపత్రికి పంపు చిన్నమ్మా. సీసాలు కడుగుతా పని నేర్చుకుంటాది.”

“మరి నీళ్ళెవరు తెస్తారు?” అంది అమ్మ. అంతకుముందు రెండో తరగతిలో నా బడి ఆగిందీ ఆ ఒక్క మాటతోనే. అక్క నా తల నిమిరి రైలెక్కింది. మళ్ళీ చూడలేదు. గిద్దలూరు వాళ్ళు ఎవరు కనిపించినా చాలా ఏళ్ళు అడిగాను. తర్వాత అడగడం మానేశాను గానీ, ఎదురుచూడటం మానలేదు.

ఇప్పుడు నా మనవరాలు ల్యాబ్ చదువు చదువుతోంది. మందుల్ని పలచన చేసే లెక్కలు పైకి చదువుకుంటుంటే, నేను కందిపప్పులో రాళ్ళేరుతూ పక్కనే కూర్చుంటాను. ఏరడం అయిపోయినా లేవను. అక్క చేయి పట్టుకుని నేను వెళ్ళాల్సిన మందుల గది ఎట్లా ఉండేదో ఆ మాటల్లోంచి చూసుకుంటాను.

దేనికైనా నా చేయి బిగువే, ఒప్పుకుంటాను. కానీ దెబ్బ తగిలించుకుని ఎవరొచ్చినా, ముందు నిండు బిందె వాళ్ళ కాళ్ళ దగ్గర దించుతాను. ఏమైందని ఆ తర్వాతే అడుగుతాను.